ఉబ్బసం రక్తంలో తేలుతుందా?

మీ ప్రశ్నలు, డాక్టర్ల జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచే. చాలామంది ప్రశ్నతో పాటు ల్యాబు కాగితం కూడా జతచేశారు. పేర్లు తీసేసి, పదిమందికీ పనికొచ్చేవి ఇక్కడ ఇస్తున్నాం.

ప్రశ్న: మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. రెండు నెలల నుంచి అర్ధరాత్రి దాటితే దగ్గు, ఒక్కోసారి పిల్లికూతలు. సీబీపీ చేయిస్తే తెల్లకణాలు 8,400, ఇసినోఫిల్స్ 9 శాతం అని వచ్చింది. ల్యాబులో చూసినాయన "ఉబ్బసమేనమ్మా" అన్నాడు. డాక్టరుగారేమో ఊదే పరీక్ష చేయాలంటున్నారు. రక్తంలో తేలిపోయాక మళ్లీ అదెందుకు?
ఒక తల్లి, ఆదోని

జవాబు: రక్తంలో తేలింది ఇసినోఫిల్స్ అనే ఒకరకం తెల్లకణాలు ఎక్కువున్నాయని మాత్రమేనమ్మా, ఉబ్బసమని కాదు. ఊపిరి గొట్టాలు ఒకసారి బిగుసుకుని, ఒకసారి వదులవుతుంటే దాన్ని ఉబ్బసం అంటాం. అది ఊదిస్తేనే తెలుస్తుంది. ఆ గొట్టాల్లో వాపు ఏ రకందో, దానికి ఏ మందు బాగా పడుతుందో చెప్పడానికి రక్తపరీక్ష పనికొస్తుంది. రెండూ వేరు వేరు ప్రశ్నలు.

ముందు కాగితం చదవడం చూద్దాం. శాతం ఒక్కటే చూస్తే మోసపోతాం. తెల్లకణాల సంఖ్యను ఇసినోఫిల్ శాతంతో గుణించి నూరుతో భాగించాలి. మీవాడికి 8,400ను 9తో గుణించి నూరుతో భాగిస్తే 756. దీన్నే ఏఈసీ అంటారు. అదే 9 శాతం, తెల్లకణాలు 4,000 ఉన్న పిల్లాడికైతే 360 అవుతుంది. 500 దాటితే ఎక్కువ కిందే లెక్క. ఉబ్బసమని ఖాయమైనవాళ్ల విషయంలో 300 అనే అంకె చూస్తాం. 300 దాటినవాళ్లకు పీల్చే స్టెరాయిడ్ మందు బాగా పట్టే అవకాశం ఎక్కువ. మందు సరిగా వాడకపోతే పెద్ద అటాక్ వచ్చే ప్రమాదమూ వాళ్లకే ఎక్కువ.

756 రావడానికి ఉబ్బసం ఒక్కటే కారణం కానక్కర్లేదు. అలర్జీ జలుబు, ఎగ్జిమా, కొన్ని రకాల మందులు కూడా పెంచుతాయి. పిల్లల్లో అన్నిటికంటే ముందు అనుమానించాల్సింది కడుపులో పురుగుల్ని. ఏలికపాము గుడ్లలోంచి వచ్చిన పిల్లపురుగులు పేగు దాటి రక్తంలో కలిసి, ఊపిరితిత్తుల్లోకి చేరి, అక్కణ్నుంచి గొంతులోకి పాకి, మళ్లీ కడుపులోకి దిగుతాయి. ఊపిరితిత్తుల్లో ఉన్న ఆ కొద్దిరోజులూ దగ్గు, పిల్లికూతలు, ఇసినోఫిల్స్ మూడూ కలిసే వస్తాయి. చూసేవాళ్లకు అచ్చం ఉబ్బసమే. ఫిబ్రవరి 10, ఆగస్టు 10 నులిపురుగుల దినం నాడు బడిలో ఇచ్చే 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ మాత్రను మీవాడు అక్కడే నమిలి మింగాడో, జేబులో వేసుకుని పారేశాడో గట్టిగా అడగండి. చేనుల్లో చెప్పుల్లేకుండా తిరిగే పిల్లలకు చర్మంలోంచి దూరే స్ట్రాంగిలాయిడిస్ అనే సన్నపురుగు ఇంకొకటుంది. అది ఆ ఒక్క మాత్రకు పోదు, ఐవర్‌మెక్టిన్ కావాలి. మలపరీక్ష రాసినప్పుడు చాలామంది సిగ్గుపడి ఎగ్గొడతారు. ఇలాంటి చోట అదే అసలు పరీక్ష.

ఏఈసీ 3,000 దాటి, రాత్రి దగ్గు వారాల తరబడి ఉబ్బసం మందులకు లొంగకపోతే ఫైలేరియా వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బును కూడా చూడాలి. ఫైలేరియా ఉన్న ప్రాంతంలో కొన్నాళ్లు ఉండి వచ్చిన కుటుంబమైతే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. దానికి డీఈసీ మాత్రలు మూడు వారాలు వాడతారు. పీల్చే మందులతో అది తగ్గదు. మీవాడి అంకె అంత దూరం లేదు, కంగారు పడకండి.

అంకె పడిపోయి కనపడే సందర్భమూ ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ వేసిన కొన్ని గంటల్లోనే ఇసినోఫిల్స్ దాదాపు సున్నాకు దిగిపోతాయి. ఊళ్లో దగ్గుకు, ఆయాసానికి ఇచ్చే పేరులేని పొట్లాల్లో స్టెరాయిడ్ కలిసి ఉండొచ్చు. పొట్లం వేసుకున్న మర్నాడు రక్తం ఇస్తే రిపోర్టు శుభ్రంగా వస్తుంది, "అలర్జీ ఏమీ లేదు" అనుకుంటారు. అందుకని రక్తం ఇచ్చేముందు గత నెలలో ఏం వాడారో మొత్తం చెప్పండి. ఇంకోటి, ఈ కణాలు పగటిపూట తగ్గి రాత్రిపూట పెరుగుతాయి. ఒకసారి పొద్దున, ఒకసారి సాయంత్రం చేయించిన రిపోర్టులు పక్కపక్కన పెట్టి పెరిగిందనో తగ్గిందనో అనుకోవద్దు. మళ్లీ చేయించేటప్పుడు అదే వేళకు వెళ్లండి.

ఇక ఊదే పరీక్ష, అంటే స్పైరోమెట్రీ. తొమ్మిదేళ్ల పిల్లాడు చక్కగా చేయగలడు. ముక్కుకు క్లిప్పు పెట్టి, గుండెల నిండా గాలి పీల్చుకుని, పెదాలు గొట్టం చుట్టూ బిగించి ఒక్క ఉదుటున ఊదాలి, ఖాళీ అయ్యేదాకా ఆపకూడదు. తర్వాత గొట్టాల్ని వదులు చేసే సాల్బుటమాల్ 2 నుంచి 4 పఫ్ఫులు ఇచ్చి, 10 నుంచి 15 నిమిషాలు ఆగి మళ్లీ ఊదిస్తారు. మొదటి సెకనులో బయటికొచ్చే గాలి 12 శాతం పెరిగితే గొట్టాలు మందుకు విచ్చుకున్నట్టు. సాల్బుటమాల్ వాడుతుంటే కనీసం నాలుగు గంటల ముందు నుంచి, ఫార్మోటెరాల్ ఉన్న ఇన్‌హేలర్ అయితే ఒక రోజు ముందు నుంచి ఆపమంటారు. ఆయాసం ఎక్కువైతే మాత్రం పరీక్ష సంగతి పక్కనపెట్టి మందు పీల్చాల్సిందే. బాగున్న రోజున చేస్తే పరీక్ష మామూలుగానే రావచ్చు. అంతమాత్రాన ఉబ్బసం లేదని కాదు, దగ్గున్న రోజుల్లో మళ్లీ చేయాలి. మీ మూడు పెద్ద ఊళ్లలోని ప్రభుత్వ సర్వజన ఆస్పత్రుల్లో ఊపిరితిత్తుల విభాగంలో అడగండి.

ప్రశ్న: బీటెక్ చదువుతున్నాను, ఇరవై ఏళ్లు. ఉబ్బసం, తుమ్ములు ఉన్నాయి. ఐజీఈ 1,240 వచ్చింది. దాంతోపాటు ఆహార ప్యానెల్ అని ఒకటి చేశారు. బుడ్డలు (వేరుశనగలు), పెరుగు, వంకాయ, గోధుమ, అరటిపండు అన్నీ పాజిటివ్. మూడు నెలలుగా అవన్నీ మానేశాను. హాస్టల్లో తినడానికి ఇంకేమీ మిగల్లేదు. ఆరు కిలోలు తగ్గాను, తుమ్ములు మాత్రం తగ్గలేదు.
ఒక విద్యార్థిని, అనంతపురం

జవాబు: ఇన్నాళ్లూ బుడ్డల చట్నీ, ఉగ్గాని తిని ఏమీ కాని అమ్మాయికి బుడ్డల అలర్జీ ఉన్నట్టు కాదు. నిజమైన ఆహార అలర్జీ తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల లోపు దద్దుర్లు, పెదాల వాపు, వాంతులు, ఆయాసంగా బయటపడుతుంది. మీ ఉత్తరంలో అలాంటిదేదీ లేదు. ప్యానెల్లో పాజిటివ్ అంటే ఆ పదార్థానికి సరిపోయే ఐజీఈ, అంటే అలర్జీలో పనిచేసే యాంటీబాడీ, రక్తంలో కొంత ఉందని మాత్రమే. మొత్తం ఐజీఈ ఎక్కువున్నవాళ్లలో అలా చిన్న చిన్న పాజిటివ్‌లు వరుసగా వస్తాయి, వాటికి పెద్ద అర్థం లేదు. అవన్నీ మళ్లీ తినడం మొదలుపెట్టండి. ఏదైనా తిన్నాక ఒంటిమీద దద్దుర్లు వచ్చిన జ్ఞాపకం ఉంటే ఆ ఒక్కదాన్ని మాత్రం డాక్టరు సమక్షంలో తిని చూడాలి.

1,240 సంగతి. మొత్తం ఐజీఈ మామూలుగా పెద్దవాళ్లలో వంద లోపు ఉంటుంది. పురుగులు, ఎగ్జిమా, అలర్జీ జలుబు అన్నీ దాన్ని పెంచుతాయి కాబట్టి అదొక్కటే ఏ జబ్బునూ ఖాయం చేయదు. ఉబ్బసం ఉన్న మనిషికి ఇంత వచ్చినప్పుడు ఒక్క ప్రశ్న మాత్రం వదలకూడదు: ఆస్పర్‌జిల్లస్ అనే బూజు ఊపిరితిత్తుల్లో స్థిరపడిందా? దీన్ని ఏబీపీఏ అంటారు. ఆస్పర్‌జిల్లస్‌కు ప్రత్యేకమైన ఐజీఈ పరీక్ష ఒక్కటి చేయిస్తే చాలు. 0.35 కన్నా తక్కువ వస్తే దాన్ని దాదాపు పక్కన పెట్టేయొచ్చు, ఎక్కువొస్తే ఛాతీ సీటీ దాకా వెళ్లాలి. దగ్గితే గోధుమరంగు గట్టి తెమడ ముక్కలు పడుతుంటే ఆలస్యం చేయొద్దు. ఆహార ప్యానెల్‌కు పెట్టిన డబ్బులతో ఈ పరీక్ష ముందే అయిపోయి ఉండేది.

తుమ్ములకు అసలు కారణం గాలిలోంచి వచ్చేదే అయ్యుంటుంది: పరుపులోని దుమ్ముపురుగులు, బొద్దింకలు, వయ్యారిభామ పుప్పొడి, రోడ్ల పక్కన కంపచెట్ల పుప్పొడి. వాటికి చర్మం మీద గుచ్చి చేసే పరీక్ష చవకైనది, పావుగంటలో తేలుతుంది. 3 మిల్లీమీటర్లు, ఆపైన బొబ్బ లేస్తే పాజిటివ్. సెట్రిజిన్ లాంటి మాత్రలు వారం ముందు ఆపకపోతే బొబ్బ లేవదు, పరీక్ష వృథా. మాత్రలు ఆపలేనివాళ్లకు రక్తపరీక్ష మేలు, దానికి ఏదీ ఆపనక్కర్లేదు.

ప్రశ్న: నాకు చిన్నప్పటి నుంచి ఉబ్బసం. మా అక్కకూ ఉంది. నాది మేనరికం, మా అక్క కూతుర్నే చేసుకున్నాను. పెద్దపాపకు పదమూడేళ్లు, ఉబ్బసం ఉంది. రెండేళ్ల బాబుకు జలుబు చేసినప్పుడల్లా పిల్లికూతలు. బంధువులు మేనరికం వల్లే అంటున్నారు. ఉమ్మి పంపిస్తే జన్యుపరీక్ష చేసి ముందే చెప్తామని ఆన్‌లైన్లో ప్రకటన చూశాను. బాబుకు చేయించమంటారా?
ఒక తండ్రి, ప్రొద్దుటూరు

జవాబు: చేయించొద్దు. ఎందుకో కొంచెం వివరంగా చెప్తాం, ఎందుకంటే మీ మనసులో ఉన్నది పరీక్ష కన్నా తప్పు నాదేనా అన్న దిగులు.

ఉబ్బసానికి ఒక జన్యువు లేదు. వందకు పైగా జన్యుస్థానాల్లో చిన్న చిన్న తేడాలు దీనితో ముడిపడి ఉన్నాయి. 2007లో దొరికిన 17వ క్రోమోజోము మీది స్థానం వాటిలో పేరున్నది. అక్కడ ఓఆర్‌ఎండీఎల్3, జీఎస్‌డీఎంబీ అనే జన్యువులు పక్కపక్కనే ఉంటాయి. చిన్నతనంలోనే మొదలయ్యే ఉబ్బసానికే ఆ చోటుతో సంబంధం ఎక్కువ. ఐఎల్33, టీఎస్‌ఎల్‌పీ అనేవి ఊపిరి గొట్టాల లోపలి పొర దెబ్బతిన్నప్పుడు ప్రమాద సంకేతాలు పంపేవి. ఫిలాగ్రిన్ చర్మానిది, అది లోపిస్తే ముందు ఎగ్జిమా, తర్వాత ఉబ్బసం వచ్చే దారి తెరుచుకుంటుంది. వీటిలో ఏ ఒక్క తేడా ఉన్నా ముప్పు పెరిగేది కొద్దిగానే. అవే తేడాలు ఉండి జీవితంలో ఒక్కసారి కూడా దగ్గనివాళ్లు కోకొల్లలు. అన్నిటినీ కూడి ఒక మార్కు వేసే పరీక్షలున్నాయి గానీ, వాటి లెక్కలు ఎక్కువగా ఐరోపా సంతతివాళ్ల రక్తం మీద కట్టినవి. మన పిల్లలకు అవే మార్కులు అలాగే పనిచేస్తాయనుకోవడానికి లేదు. ఆ కాగితం వచ్చినా బాబు వైద్యంలో మారేదేమీ ఉండదు.

జన్యువు ఉండటం వేరు, అది పనిచేయడం వేరు. ఆ 17వ క్రోమోజోము తేడా ఉన్న పిల్లల్లో, పసితనంలో ఇంట్లో పొగతాగేవాళ్లుంటే ముప్పు ఇంకా పెరుగుతుందనీ, జలుబు తెచ్చే రైనోవైరస్‌తో పిల్లికూతలు వచ్చినవాళ్లలో ఆ తేడా ప్రభావం బలంగా కనపడుతుందనీ తేలింది. అమెరికాలో అమిష్, హట్టరైట్ అని రెండు వ్యవసాయ సమాజాలున్నాయి. జన్యువుల్లో ఇద్దరూ దగ్గరి చుట్టాలే. 2016లో వచ్చిన అధ్యయనంలో బడి పిల్లల్లో ఉబ్బసం అమిష్‌లలో 5 శాతం, హట్టరైట్‌లలో 21 శాతం. అమిష్ పిల్లలు ఇంటి పక్కనే పశువుల మధ్య పెరుగుతారు, హట్టరైట్‌లది యంత్రాల సేద్యం, పశువులు ఇళ్లకు దూరం. అంటే మీ చేతిలో ఉన్నది బాబు పీల్చే గాలి. ఇంట్లో బీడీ, సిగరెట్టు, దోమల చుట్ట, పొయ్యి పొగ ఉంటే ముందు వాటి సంగతి చూడండి.

మేనరికం గురించి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు చెడిన ప్రతులు కలిస్తేనే వచ్చే అరుదైన జబ్బుల్ని మేనరికం పెంచుతుంది. ఉబ్బసం అలాంటిది కాదు. మీకూ మీ అక్కకూ ఉంది కాబట్టి, మీ అక్క కూతురే పిల్లల తల్లి కాబట్టి, రెండు వైపుల నుంచీ ఆ లక్షణం కొంత వచ్చింది, అంతే. అయితే మేనరికపు కుటుంబంలో పిల్లికూతలుంటే మేము ఇంకో నాలుగు ప్రశ్నలు అడుగుతాం. పుట్టినప్పటి నుంచి రోజూ తెమడతో కూడిన దగ్గా? చెవిలో చీము పదే పదే కారుతుందా? బరువు పెరగడం లేదా, మలం జిడ్డుగా ఉంటుందా? న్యుమోనియా, చర్మం మీద సెగ్గడ్డలు మళ్లీ మళ్లీ వస్తున్నాయా, ఐజీఈ వేలల్లో ఉందా? ఏదైనా అవునంటే అది మామూలు ఉబ్బసం కాకపోవచ్చు. తెమడ చిక్కబడిపోయే సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జన్యు జబ్బుకు చెమట పరీక్ష, అందులో క్లోరైడ్ 60, ఆపైన ఉంటే జబ్బున్నట్టు. ఊపిరి గొట్టాల్లోని సన్న వెంట్రుకలు కదలని జబ్బుంటే సగంమందిలో గుండె కుడివైపు ఉంటుంది, ఒక్క ఎక్స్‌రేలో దొరికిపోతుంది. సెగ్గడ్డల కేసు రోగనిరోధక లోపం. జన్యుపరీక్షకు నిజంగా పనుండేది ఇలాంటి చోట. అది కూడా డాక్టరు రాసిన పరీక్షే, ఉమ్మి డబ్బా కాదు.

రెండేళ్ల బాబుకు ఊదే పరీక్ష కుదరదు. ఇక్కడ ఖర్చులేని లెక్క ఒకటుంది. మూడేళ్లలోపు తరచూ పిల్లికూతలు వస్తూ, తల్లికో తండ్రికో ఉబ్బసం ఉండటం లేదా బిడ్డకు ఎగ్జిమా ఉండటం, ఈ రెండిట్లో ఒకటున్నా చాలు, బడి వయసులో ఉబ్బసం నిలిచే అవకాశం పెరుగుతుంది. అవేవీ లేకపోతే అలర్జీ జలుబు, జలుబు లేకుండానే కూతలు, రక్తంలో ఇసినోఫిల్స్ 4 శాతం, ఆపైన ఉండటం, ఈ మూడిట్లో రెండు ఉండాలి. మీకు ఉబ్బసం ఉంది కాబట్టి మీ బాబు ఈ లెక్కలోకి వస్తాడు. కానీ ఇలా వచ్చిన పిల్లల్లో కూడా చాలామంది ఆరేడేళ్లకు బయటపడతారు. లెక్కలోకి రాని పిల్లల విషయంలోనే ఇది ఎక్కువ నమ్మకంగా పనిచేస్తుంది.

ప్రశ్న: బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని. వయసు ఇరవై మూడేళ్లు. సాయంత్రానికి ఛాతీ పట్టేసినట్టు ఉంటుంది. ఇసినోఫిల్స్ 90, ఐజీఈ 40. అన్నీ నార్మల్, గ్యాస్ అన్నారు.
ఒక కార్మికుడు, తాడిపత్రి

జవాబు: రక్తం నార్మల్‌గా ఉండే ఉబ్బసం ఉంది తమ్ముడూ. అన్ని ఉబ్బసాల్లో ఇసినోఫిల్స్ పెరగవు. పని చోట దుమ్ముతో, ఘాటైన రసాయనాలతో వచ్చేదాంట్లో అసలే పెరగకపోవచ్చు. మీకు రక్తపరీక్ష కన్నా, ఊదే గాలి వేగాన్ని కొలిచే పీక్ ఫ్లో మీటరు ఎక్కువ చెప్తుంది. చిన్న ప్లాస్టిక్ గొట్టం, మందుల షాపులో దొరుకుతుంది. నిలబడి, ముల్లును సున్నాకు జరిపి, గట్టిగా ఒక్కసారి ఊదాలి. మూడుసార్లు ఊది ఎక్కువ వచ్చింది రాసుకోవాలి. లేవగానే, పనిలో మధ్యాహ్నం, పని దిగాక, పడుకునే ముందు, ఇలా రోజుకు నాలుగుసార్లు, నాలుగు వారాలు. ఆదివారాలు, సెలవులు తప్పకుండా కలపండి. వీలైతే వరుసగా వారం సెలవు పెట్టి ఆ రోజులూ రాయండి. పనిరోజుల్లో పడిపోయి, సెలవుల్లో లేచే గీత కనపడితే కారణం పనిచోటే. మూడుసార్లకూ అంకెలు చాలా తేడాగా వస్తే ఊదడం సరిగా లేదని అర్థం, ఆ పూట లెక్క కొట్టేయండి.

స్పైరోమెట్రీతో పాటు ఛాతీ ఎక్స్‌రే కూడా తీయించండి. బండ రకాన్ని బట్టి దుమ్ములో సిలికా ఉంటుంది, అది చేరితే వచ్చే సిలికోసిస్ వెనక్కి పోదు, దాని వెంటే క్షయ వచ్చే ముప్పూ పెరుగుతుంది. పొడిగా కోసే, రుద్దే చోట నీళ్లు పారిస్తూ చేసే పద్ధతికి మారమని యజమానిని అడగండి. మూతికి కట్టుకునే తువ్వాలు సన్నదుమ్మును ఆపదు.

ప్రశ్న: మా అమ్మాయికి పదహారేళ్లు. ఏడాదిలో మూడుసార్లు ఆస్పత్రిలో చేర్చాం. ఐజీఈ 420, ఇసినోఫిల్స్ 640. ఇంజెక్షన్ మొదలుపెడదామంటున్నారు. చాలా ఖరీదట.
ఒక తల్లి, కర్నూలు

జవాబు: ఇంజెక్షన్ ఎంపికకే ఈ అంకెలు నిజంగా కావాలి. ఒమాలిజుమాబ్ అనే ఇంజెక్షన్ ఐజీఈని పట్టేస్తుంది. ఐజీఈ ఎంతో, బరువెంతో చూసి పట్టికలో మోతాదు తీస్తారు. 75 నుంచి 600 మిల్లీగ్రాముల దాకా, రెండు వారాలకో నాలుగు వారాలకో. దుమ్ముపురుగు లాంటి గాలి అలర్జీ పరీక్షలో తేలి ఉండాలి. మెపోలిజుమాబ్ అనే ఇంకో ఇంజెక్షన్ ఇసినోఫిల్స్‌ను తగ్గిస్తుంది, పన్నెండేళ్లు దాటితే నాలుగు వారాలకు 100 మిల్లీగ్రాములు, దానికి ఐజీఈతో పనిలేదు. ఏదైనా సరే నాలుగు నెలలు చూసి, అటాక్‌లు తగ్గకపోతే ఆపేయాలి. మొదలుపెట్టే ముందే కడుపులో పురుగులు లేకుండా చూసుకోవాలి. ఒమాలిజుమాబ్ మొదలయ్యాక మొత్తం ఐజీఈ తగ్గకపోగా పెరిగి కనపడుతుంది, ఎందుకంటే మందు అంటుకున్న ఐజీఈ రక్తంలో ఎక్కువసేపు తిరుగుతుంది. ఆపాక కూడా ఏడాది దాకా అలాగే ఉండొచ్చు. ఆ పరీక్ష మళ్లీ చేయించి హడలిపోకండి.

అయితే దానికి ముందు అమ్మాయి ఇన్‌హేలర్ వాడే తీరు ఒకసారి కళ్లారా చూడండి. ఇంజెక్షన్ దాకా వచ్చినవాళ్లలో చాలామందికి లోపం ఇక్కడే దొరుకుతుంది. డబ్బా బాగా కుదపాలి. ఇన్‌హేలర్‌కు తగిలించే స్పేసర్ గొట్టంలోకి ఒక్క పఫ్ఫు మాత్రమే కొట్టాలి, రెండు కలిపి కొడితే మందు గోడలకు అంటుకుని వృథా. కొట్టిన వెంటనే మెల్లగా లోతుగా పీల్చి పది సెకన్లు ఊపిరి బిగబట్టాలి, అది కుదరకపోతే ఐదారు మామూలు ఊపిర్లు. అర నిమిషం ఆగి రెండోది. స్టెరాయిడ్ మందయితే నోరు పుక్కిలించి ఉమ్మేయాలి. స్పేసర్‌ను సబ్బునీళ్లలో ముంచి, తుడవకుండా గాలికి ఆరబెట్టాలి. గుడ్డతో రుద్దితే స్థిర విద్యుత్తు పుట్టి మందును గోడలు లాక్కుంటాయి. డబ్బాను నీళ్లలో వేసి తేలితే అయిపోయిందనుకునేది తప్పు, పఫ్ఫులు లెక్కపెట్టుకోవాల్సిందే. ఇక క్యాప్సూల్లోని పొడిని పీల్చే రోటాహేలర్ వాడేవాళ్లు ఆ క్యాప్సూల్‌ను మాత్రలాగా మింగేస్తుంటారు, ఇది కూడా అడిగి తెలుసుకోండి. ఒక్క నీలం సాల్బుటమాల్ మీదే నెట్టుకొస్తుంటే అదే అసలు ప్రమాదం. పన్నెండేళ్లు దాటినవాళ్లు అవసరమైనప్పుడు పీల్చే మందులోనూ స్టెరాయిడ్ కలిసి ఉండాలని 2019 నుంచి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్తున్నాయి.

చిన్న ప్రశ్నలు

*పెరియోస్టిన్ పరీక్ష పిల్లలకు పనికొస్తుందా? (కడప)* పనికిరాదు. పెరియోస్టిన్ అనేది ఉబ్బసపు వాపులో రక్తంలో పెరిగే ఒక ప్రోటీన్, కానీ ఎదిగే ఎముకల్లోంచి కూడా అది రక్తంలోకి వస్తుంది. ఎదిగే వయసులో ఎక్కువొస్తే అది ఊపిరితిత్తులదో, ఎముకలదో తేల్చలేం.

*విటమిన్ డి తక్కువుంది, వేసుకుంటే ఉబ్బసం పోతుందా? (గుంతకల్లు)* లోపముంటే ఎముకల కోసం వేసుకోండి. ఉబ్బసం తగ్గుతుందని నమ్మకమైన రుజువు లేదు.

*శ్వాసలో నైట్రిక్ ఆక్సైడ్ చూసే ఫీనో పరీక్ష ఇసినోఫిల్స్‌కు బదులా? (కర్నూలు)* రెండూ ఒకే రకం వాపును రెండు చోట్ల కొలుస్తాయి. ఫీనో పిల్లల్లో 35, పెద్దల్లో 50 దాటితే ఎక్కువ. పొగతాగేవాళ్లలో తప్పుగా తగ్గి కనపడుతుంది. మీ ఊళ్లో లేకపోతే దానికోసం బెంగళూరు దాకా పోనక్కర్లేదు, ఏఈసీ చాలు.

*మృగశిర కార్తెకు చేప మందు వేయిద్దామనుకుంటున్నాం. (ఎమ్మిగనూరు)* ఉబ్బసాన్ని నయం చేస్తుందనడానికి రుజువు లేదు. వెళ్లినా ఇన్‌హేలర్ జేబులోనే ఉండాలి, ఒక్క పూట కూడా మానకూడదు. ఐదేళ్లలోపు పిల్లలకు బతికున్న చేప మింగించే పని అసలే పెట్టుకోవద్దు, ఊపిరి గొట్టంలోకి జారితే ప్రాణం మీదికొస్తుంది.